కొట్టడం కన్న ఆపడం కష్టం

కిందటేడు ఒక ఉన్నత పాఠశాలలో విజ్ఞాన ప్రదర్శన జరుగుతుంటే చూడటానికి వెళ్ళాను. అగ్నిపర్వతాలు, సౌరకుటుంబాలు, గాలిమరలు దాటుకుంటూ వెళుతుంటే ఒక మూల బల్ల చుట్టూ పిల్లలు మూగి ఉన్నారు. తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు తాను తయారుచేసిన పోట్లాడే రోబోటును చూపిస్తున్నాడు. అది టిఫిను డబ్బా అంత ఉంది. రెండు పక్కలా రెండు చక్రాలు, నడినెత్తిన ఒక ఇరుసు, ఆ ఇరుసుకు అడ్డంగా బిగించిన ఇనుప పట్టీ. పట్టీ పొడవు 10 సెంటీమీటర్లు ఉంటుందేమో. కుర్రవాడు చేతిలోని రిమోటు మీట నొక్కగానే పట్టీ కంటికి కనిపించకుండా పోయింది. గాలిని కోస్తున్న చప్పుడు మాత్రం వినిపించింది.

"ఇది ఎలా తిరుగుతోంది బాబూ?" అని అడిగాను. మోటారు ఎక్కడ తెచ్చిందీ, బ్యాటరీ ఎంతదీ, నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందీ ఊపిరి తిప్పుకోకుండా చెప్పాడు. నాకు చాలా ముచ్చటేసింది.

"మరి ఎలా ఆగుతుంది?"

వాడు నా వంక వింతగా చూశాడు. "మీట వదిలేస్తే అదే ఆగిపోతుందండీ."

వదిలేశాడు. నేను మనసులో ఒకటి, రెండు, మూడు అంటూ సెకన్లు లెక్కపెట్టసాగాను. 12 దగ్గర చప్పుడు అణిగింది. పట్టీ మసక మసకగా కనిపించింది. ఆగిపోయిందనుకుని పక్కనే నిలబడ్డ చిన్నపాప, వాడి చెల్లెలట, వేలు చాపింది. వాడు చప్పున ఆ చేతిని వెనక్కి లాగేశాడు. 19 దగ్గర పట్టీ ఆగింది.

ఏమీ కాలేదు. పాప నవ్వింది, వాడూ నవ్వాడు. పక్క బల్ల దగ్గరికి నేనూ వెళ్ళిపోయాను. కాని ఆ 19 సెకన్లు నా బుర్రలోంచి పోలేదు. ఈ వ్యాసం వాటి గురించే.

ఆట పుట్టిన కథ

పోట్లాడే రోబోటు అంటే ఏమిటో తెలియని వారి కోసం రెండు ముక్కలు. మరమనిషి అని పేరే గాని దీనికి మనిషి పోలికలేమీ ఉండవు. చక్రాలూ, మోటార్లూ, బ్యాటరీ ఉన్న చిన్న బండి ఇది. దూరం నుంచి రేడియో కంట్రోలుతో నడుపుతారు. రెండు బండ్లను ఒక మూసిన బరిలో వదులుతారు. ఎదుటి బండిని కదలకుండా చేసినదే గెలిచినట్టు. రెండు మూడు నిమిషాల్లో ఎవరూ ఓడకపోతే న్యాయనిర్ణేతలు మార్కులు వేస్తారు.

అమెరికాలోని డెన్వర్ నగరంలో 1987 ప్రాంతంలోనే ఇలాంటి పోటీలు చిన్నగా మొదలయ్యాయి. సినిమా సంస్థలో బొమ్మల రూపకల్పన చేసే మార్క్ థోర్ప్ అనే ఆయన 1992లో రేడియోతో నడిచే వాక్యూం క్లీనరు తయారు చేయబోయాడు. ఇల్లు ఊడవడం దానికి చేతకాలేదు. కాని ఇలాంటి యంత్రాలు ఒకదానితో ఒకటి పోట్లాడితే ఎలా ఉంటుందన్న ఆలోచన ఆయనకు తట్టింది. 1994లో శాన్‌ఫ్రాన్సిస్కోలో 'రోబోట్ వార్స్' అనే పోటీ పెట్టాడు. 1998లో అదే పేరుతో బ్రిటన్‌లో బి.బి.సి. వారు టెలివిజన్‌లో చూపించారు. 2000 నుంచి అమెరికా టెలివిజన్‌లో 'బ్యాటిల్‌బాట్స్' వచ్చింది. మన దేశంలోనూ ఐ.ఐ.టి. బొంబాయి విద్యార్థులు నడిపే టెక్‌ఫెస్ట్‌లో ఇలాంటి పోటీలు జరుగుతుంటాయి.

టెలివిజన్‌లో కనిపించే పెద్ద రోబోట్లు 100 కిలోలకు పైగా తూగుతాయి. ఇంట్లో చేసేవి చాలా చిన్నవి. అమెరికాలో 454 గ్రాముల తరగతి ఉంది. దానిని యాంట్ వెయిట్ అంటారు, అంటే చీమ బరువు. బ్రిటన్‌లో చీమ ఇంకా చిన్నది: 150 గ్రాములకు మించకూడదు, నాలుగంగుళాల పెట్టెలో పట్టాలి. నేను మాట్లాడబోయేది ఈ చీమల గురించి.

"పిల్లలకు ఇదేం ఆట? హింస నేర్పడం కాదా?" అని కొందరు పెద్దలు అడుగుతారు. నాకు అలా అనిపించదు. సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో కోడి కాలికి కత్తి కట్టి బరిలోకి వదులుతారు. చట్టం నిషేధించినా వదులుతూనే ఉన్నారు. అక్కడ నెత్తురు కారేది ప్రాణమున్న జీవికి. రోబోటుకు నొప్పి లేదు. దాని చెయ్యి విరిగితే మర్నాడు కొత్త చెయ్యి బిగిస్తాం, ఎందుకు విరిగిందో ఆలోచిస్తాం. తులాదండం, వాలుతలం, ఘర్షణ, భ్రమణం అని పుస్తకంలో బట్టీపట్టినవన్నీ ఇక్కడ చేతికి తగులుతాయి. కాబట్టి ఆట మానమని నేను చెప్పను. ఏ ఆయుధంతో మొదలుపెట్టాలి, దాన్ని ఎలా ఆపాలి అన్న దగ్గరే నాకు పేచీ ఉంది.

మొదటి ఆయుధం: వాలు పలక

కుర్రవాళ్ళను ఏ ఆయుధం కావాలని అడిగితే నూటికి తొంభైమంది తిరిగే కత్తి అంటారు. నిప్పురవ్వలు రాలేది దానికే కదా! కాని 1998లో బ్రిటన్‌లో జరిగిన మొదటి టెలివిజన్ పోటీలో గెలిచినది 'రోడ్‌బ్లాక్' అనే రోబోటు. చేసినది కార్న్‌వాల్ ప్రాంతంలోని బాడ్‌మిన్ కమ్యూనిటీ కాలేజి అనే పాఠశాల జట్టు. దానికి వెనకవైపు ఒక రంపం ఉండేది. కాని ఎదుటి యంత్రాల పీచమణచింది ముందువైపు వాలుగా ఉన్న రేకే.

వాలు పలక అంటే ఏమిటో మీకు తెలుసు. లారీలోకి పీపాలు ఎక్కించడానికి వాలుగా వేసే చెక్క బల్లే. బల్ల నేలను అంటుకుని ఉంటే ఎదుటి బండి తన వేగంతో తానే దానిమీదికి ఎక్కుతుంది. అప్పుడు జరిగే తమాషా లెక్క వేసి చూద్దాం.

చక్రం నేలను నెట్టగల బలం దానిమీద పడే బరువును బట్టి ఉంటుంది. రెండు రోబోట్లూ 454 గ్రాములవే, చక్రాల రబ్బరు కూడా ఒకటే అనుకోండి. ఎదురెదురుగా నెట్టుకుంటే ఎవరూ గెలవరు. ఇప్పుడు ఎదుటివాడి ముందు భాగం మీ పలకమీదికి ఎక్కింది. వాడి బరువులో 150 గ్రాములు మీ పలకమీద పడ్డాయి. వాడి చక్రాలమీద మిగిలినది 304 గ్రాములు. మీ బండి నేలమీద మోపే బరువు 604 గ్రాములు. వాడి బరువే మీ చక్రాలకు పట్టునిచ్చింది! మీ నెట్టుడు వాడి నెట్టుడుకు దాదాపు రెట్టింపయింది. మోటారు పెద్దది కాలేదు, బ్యాటరీ మారలేదు. ఒక్క పలక ఈ పని చేసింది.

దీని కిటుకంతా పలక అంచులో ఉంది. అంచుకూ నేలకూ మధ్య పోస్టుకార్డు దూరేంత సందు ఉన్నా ఎదుటివాడి పలక మీ కిందికి దూరుతుంది. అందుకే పలకను బండికి గట్టిగా బిగించకుండా చిన్న మడత బందుతో తగిలిస్తారు. తన బరువుకు తానే వాలి నేలను రాసుకుంటూ పోతుంది. పాత స్టీలు స్కేలు ముక్క పలకకు బాగా పనికివస్తుంది. కూరలు తరిగే ప్లాస్టిక్ పలకను కోస్తే బండి ఒడ్డూ పొడుగూ దానిలోనే వస్తాయి. స్కేలు కోసిన అంచును ఆకురాయితో తప్పకుండా గుండ్రంగా అరగదీయండి. ఆటలో ఎవరి వేలూ తెగనక్కరలేదు.

ఈ ఆయుధాన్ని ఎలా ఆపాలి? ఆపనక్కరలేదు. బండి ఆగితే ఇదీ ఆగుతుంది. మొదటి రోబోటుకు ఇంతకన్న మంచి గుణం ఏముంటుంది?

రెండో ఆయుధం: ఎత్తే చెయ్యి

పలకతో చెయ్యి తిరిగాక దానికి కదలిక నేర్పవచ్చు. ఎదుటివాడి కిందికి దూరి, ఒక పక్క ఎత్తి, బోర్లా పడేయడం ఈ చేతి పని. దీనికి సర్వో మోటారు వాడతారు. ఇది గిరగిరా తిరగదు. చెప్పిన కోణం దాకా తిరిగి అక్కడే పట్టుకుని నిలబడుతుంది.

చిన్న సర్వోల మీద '2 కిలో–సెంటీమీటర్లు' అనే తరహాలో ఒక అంకె ఉంటుంది. ఇరుసు నుంచి 1 సెంటీమీటరు దూరంలో 2 కిలోలు ఎత్తగలదని దాని అర్థం. అయితే 2 సెంటీమీటర్ల దూరంలో 1 కిలో. 10 సెంటీమీటర్ల దూరంలో 200 గ్రాములే. చెయ్యి పొడుగయిన కొద్దీ బలం తగ్గుతుంది. పలుగుతో బండరాయిని ఎత్తేవాడు రాయికి దగ్గరగా ఆనుపు ఎందుకు పెడతాడో ఇప్పుడు తెలిసిందా?

454 గ్రాముల రోబోటును మొత్తంగా గాలిలోకి లేపనక్కరలేదు. ఒక అంచు ఎత్తితే చాలు. బరువు మధ్యలో ఉంటే అంచు దగ్గర ఎత్తడానికి సగం, అంటే 227 గ్రాములు చాలు. మన సర్వోకు 8 సెంటీమీటర్ల చెయ్యి పెట్టినా 250 గ్రాములు ఎత్తుతుంది కదా అంటారేమో. తొందరపడకండి. డబ్బామీద రాసిన అంకె మోటారు ఇక కదలలేక నిలిచిపోయే దశలోది. దానిలో సగాన్నే నమ్ముకోండి. అంటే చెయ్యి 4 సెంటీమీటర్లకు మించకూడదు.

ఇంకొక చిక్కుంది. మీరు ఎదుటివాణ్ణి ఎత్తుతుంటే వాడి బరువు మిమ్మల్ని ముందుకు వంచుతుంది. మీ బండి బరువు కేంద్రం ముందు చక్రాలకు 5 సెంటీమీటర్లు వెనక ఉందనుకోండి. 454ను 5తో గుణిస్తే 2,270. ముందు చక్రాలకు 6 సెంటీమీటర్లు ముందు 227 గ్రాములు ఎత్తితే 227ను 6తో గుణించాలి, 1,362. ఫరవాలేదు, మీరే బరువు. అదే 12 సెంటీమీటర్లు ముందుకు చాపి ఎత్తారా, 2,724! వాడు లేవడు, మీ బండి ముక్కుమీద పడుతుంది. చిన్నప్పుడు ఊగుడుబల్లమీద నేర్చుకున్న పాఠమే ఇది.

ఇంకా కావాలంటే నాలుగు కడ్డీల అమరిక ఉంది. పేరు కొత్తగా ఉన్నా మీ ఇంట్లో కాలితో తొక్కే కుట్టుమిషను ఉంటే దానిని మీరు రోజూ చూస్తున్నట్టే. కాలికింది పలక ఒక కడ్డీ. దాని నుంచి పైకి వెళ్ళే ఊచ రెండోది. చక్రానికున్న వంకర ఇరుసు మూడోది. వీటన్నిటినీ మోసే మిషను చట్రం నాలుగోది. పలక పైకీ కిందికీ ఊగుతుంటే చక్రం గుండ్రంగా తిరుగుతుంది.

గట్టి అట్టలో 12, 4, 10, 8 సెంటీమీటర్ల పట్టీలు నాలుగు కోయండి. ఈ కొలతలు ఒక చివరి రంధ్రం నుంచి రెండో చివరి రంధ్రానికి. వరసగా డ్రాయింగు పిన్నులతో కలిపి నాలుగు వైపుల ఆకారం చేయండి. 12 సెంటీమీటర్ల పట్టీని బల్లకు అదిమి పట్టి, 4 సెంటీమీటర్ల దానిని తిప్పండి. పొట్టి పట్టీ చుట్టూ తిరుగుతుంది, ఎదుటి పట్టీ ఊగుతుంది. అన్నిటికన్న పొట్టి, అన్నిటికన్న పొడుగు పట్టీల మొత్తం మిగిలిన రెండింటి మొత్తం కన్న ఎక్కువ కాకుంటేనే ఇది సాధ్యమని 19వ శతాబ్దంలో గ్రాషోఫ్ అనే జర్మన్ ఇంజనీరు చెప్పాడు. 12ను 8 చేసి చూడండి, 10ని 3 చేసి చూడండి. ఎక్కడ బిగుసుకుపోతుందో మీకే తెలుస్తుంది. అట్టముక్కలతో ఒక సాయంత్రం గడిపినవాడికి ఎత్తే చెయ్యి ఎలా కదలాలో కాగితంమీదే కనిపిస్తుంది.

"ఎత్తడంలో మజా ఏముందండీ? దెబ్బ లేదుగా!" అంటారు. కుస్తీలో దెబ్బ ఉందా? పట్టు ఉంది. 2015లో బ్యాటిల్‌బాట్స్ ఆఖరి పోటీలో 'టూంబ్‌స్టోన్' అనే యంత్రం బరువైన ఇనుప కడ్డీని భయంకరంగా తిప్పుతూ వచ్చింది. దాన్ని ఓడించిన 'బైట్ ఫోర్స్' ఆయుధం ఆ ఏడు పట్టుకుని ఎత్తే చెయ్యే. నిజం దాచకూడదు కనుక ఇది కూడా చెబుతాను: టూంబ్‌స్టోన్ 2016లో గెలిచింది. బైట్ ఫోర్స్ కూడా తరవాత తిరిగే ఆయుధానికి మారి 2018లోనూ 2019లోనూ గెలిచింది. తిరిగే ఆయుధం గొప్పదే. గొప్పది కాబట్టే దాని సంగతి జాగ్రత్తగా చూడాలి.

మూడో ఆయుధం: తిరిగే పట్టీ

మళ్ళీ ఆ కుర్రవాడి రోబోటు దగ్గరికి వద్దాం. పట్టీ పొడవు 10 సెంటీమీటర్లు. బరువు 50 గ్రాములు, వేగం నిమిషానికి 10,000 చుట్లు అనుకుందాం. చిన్న మోటార్లకు ఇది పెద్ద వేగమేమీ కాదు.

పట్టీ కొన ఒక చుట్టులో దాదాపు 31 సెంటీమీటర్లు ప్రయాణం చేస్తుంది. సెకనుకు 167 చుట్లు. అంటే సెకనుకు 52 మీటర్లు, గంటకు 188 కిలోమీటర్లు. క్రికెట్‌లో గంటకు 160 కిలోమీటర్లు దాటి బంతి వేసిన వారిని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఇది దాన్ని మించింది. మధ్యలో ఇరుసుకు బిగించిన పట్టీలో దాగిన గతిజశక్తి లెక్క వేస్తే దాదాపు 23 జౌళ్ళు వస్తుంది. 3 కిలోల ఇటుక ముప్పావు మీటరు ఎత్తునుంచి కాలిమీద పడితే ఉండే శక్తి అది. ఇటుక శక్తి పాదమంతా పరుచుకుంటుంది. పట్టీ శక్తి గోరంత అంచులో ఉంటుంది.

వేగం రెట్టింపు చేస్తే శక్తి రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. మూడింతలు చేస్తే తొమ్మిదింతలు. బరువును మధ్యలో కాకుండా అంచున పెట్టినా శక్తి పెరుగుతుంది. కుమ్మరి సారె అంచు బరువుగా ఎందుకుంటుంది? ఒకసారి కర్రతో తిప్పి వదిలితే కుండ తయారయ్యేదాకా తిరగాలి గనుక. అంటే చిక్కు చూడండి: మంచి ఆయుధానికి ఏది కావాలో, ఆగకుండా ఉండటానికీ అదే కారణం. ఎంత గట్టి ఆయుధమైతే అంత మొండిగా తిరుగుతుంది.

అయితే వేగం పెంచిన కొద్దీ ఆయుధం పదునెక్కుతుందనుకోవడం కూడా పొరపాటే. మీ రోబోటు సెకనుకు 1 మీటరు వేగంతో ఎదుటివాడిమీదికి వెళుతోందనుకోండి. పట్టీకి రెండు కొనలున్నాయి గనుక సెకనుకు 333 సార్లు ఒక కొన ముందుకు వస్తుంది. ఒక కొన వెళ్ళి రెండో కొన వచ్చేలోగా మీ బండి ముందుకు జరిగేది 3 మిల్లీమీటర్లు. అంటే కొన ఎదుటివాడిలోకి దిగేది 3 మిల్లీమీటర్ల లోపే. వేగాన్ని 20,000 చేస్తే ఒకటిన్నర మిల్లీమీటర్లే. అప్పుడు పట్టీ కొట్టదు, గీరుతుంది. చప్పుడు ఎక్కువ, పని తక్కువ. అనుభవమున్నవారు ఒకవైపే పన్ను పెట్టి, రెండోవైపు దానికి సరితూగే బరువు పెడతారు. అదే వేగానికి 6 మిల్లీమీటర్లు దిగుతుంది. గెలుపు మోటారులో కన్న ఆలోచనలో ఉందనడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు.

న్యూటన్‌ను కూడా మరిచిపోకూడదు. మీ పట్టీ ఎదుటివాణ్ణి ఎంత గట్టిగా కొడుతుందో అంత గట్టిగానూ మీ ఇరుసు దెబ్బ తింటుంది. కొట్టిన బండి కూడా గిర్రున తిరిగి గోడకు కొట్టుకోవడం మామూలే. ఇరుసు సన్నదైతే అదే ముందు వంగిపోతుంది.

1995లో శాన్‌ఫ్రాన్సిస్కో పోటీకి జేమీ హైన్‌మన్ అనే ఆయన 'బ్లెండో' అనే యంత్రం తెచ్చాడు. చైనా వంటబాండీని బోర్లించినట్టుండే ఆ యంత్రం పైకప్పంతా గిర్రున తిరుగుతుంది. దాని దెబ్బకు ఎదుటి యంత్రాల ముక్కలు బరి గోడలు దాటి బయటికి ఎగిరాయి. నిర్వాహకులు భయపడి, ఉమ్మడి విజేత అని బిరుదిచ్చి దానిని పోటీ నుంచి తప్పించారు. యంత్రం మీద గెలవలేక కాదు, చూడవచ్చినవారిని కాపాడలేక! అప్పటి నుంచి పోటీల వారికి ఒక సంగతి బోధపడింది. ముందు బరి కట్టాలి, తరవాతే ఆయుధం.

19 సెకన్ల సంగతి

అమెరికా పోటీల్లో చాలా చోట్ల ఒక నియమం ఉంది. కరెంటు తీసేశాక తిరిగే ఆయుధం 60 సెకన్లలోగా పూర్తిగా ఆగిపోవాలి. ఆ లెక్కన మన కుర్రవాడి యంత్రం దర్జాగా నెగ్గినట్టే! కాని ఒక తేడా ఉంది. అక్కడ ఆ 60 సెకన్లూ యంత్రం పాలీకార్బొనేట్ గోడలూ పైకప్పూ ఉన్న పెట్టెలో ఉంటుంది. ఇక్కడ బల్లమీద, చెల్లెలి పక్కన ఉంది.

పాప వేలు చాపినప్పుడు పట్టీ నిమిషానికి 1,000 చుట్లకు దిగి ఉంటుందనుకుందాం. శక్తి నూరోవంతుకు పడిపోయింది. కాని కొన ఇంకా గంటకు 19 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది. సైకిలు వేగంతో వచ్చే ఇనుప అంచు వేలిని చీల్చడానికి చాలు. ప్రమాదమంతా ఇక్కడే ఉంది. పూర్తి వేగంలో ఉన్నప్పుడు చప్పుడుకే ఎవరూ దగ్గరికి రారు. ఆగిపోతున్నట్టు కనిపించినప్పుడే చెయ్యి చాపుతారు. మీట కట్టేసిన సీలింగు ఫాను ఎంతసేపు తిరుగుతుందో ఈ రాత్రి లెక్కపెట్టి చూడండి.

మరి త్వరగా ఆపడం ఎలా? దీనికి మోటారులోనే ఒక ఉపాయం ఉంది. బొమ్మకారులోంచి తీసిన, పళ్ళచక్రాలున్న చిన్న డి.సి. మోటారు తీసుకోండి. బ్యాటరీనుంచి పూర్తిగా విడదీయండి. ఇరుసును వేళ్ళతో తిప్పండి, సులువుగానే తిరుగుతుంది. ఇప్పుడు మోటారు తీగలు రెండూ ఒకదానికొకటి కలిపి పట్టుకుని తిప్పండి. తేనెలో తిప్పినట్టు బరువుగా ఉంటుంది. కారణం ఏమిటంటే, తిరిగే మోటారు డైనమోలా కరెంటు పుట్టిస్తుంది. తీగలు కలిస్తే ఆ కరెంటు ప్రవహించి, తనను పుట్టించిన కదలికనే ఎదిరిస్తుంది. రోబోట్ల వేగాన్ని నడిపే కంట్రోలర్లలో చాలావాటికి ఈ బ్రేకు ఏర్పాటు ఉంటుంది, దాన్ని పనిచేయించాలి అంతే. ఒక్క హెచ్చరిక: కలిపేవి మోటారు తీగలు. బ్యాటరీ తీగలు ఎన్నడూ కలపకండి. రోబోట్లలో వాడే లిథియం పాలిమర్ బ్యాటరీ అలా కలిపితే మండిపోగలదు. దానిని చార్జి చేసేటప్పుడు కూడా పక్కన పెద్దవారు ఉండాలి.

బ్రేకు ఒక్కటే చాలదు. ప్రతి రోబోటుకూ మూడు తాళాలు ఉండాలని నా అభిప్రాయం. మంచి పోటీలన్నిటిలోనూ ఇవి అడుగుతారు.

మొదటిది మేకు. ఆయుధంలోనుంచీ బండి ఒంట్లోనుంచీ దూరే గట్టి ఇనుప ఊచ. అది ఉన్నంతసేపూ మోటారు ఎంత గింజుకున్నా పట్టీ తిరగదు. ఏటవాలులో నిలిపిన ఎడ్లబండి చక్రం కింద రాయి పెట్టినట్టన్నమాట. దానికి ఎర్రరంగు వేసి ఎర్రగుడ్డ కట్టండి. రోబోటు బల్లమీద ఉన్నంతసేపూ మేకు దానిలో ఉండాల్సిందే.

రెండోది బ్యాటరీని ఒక్క లాగుతో విడదీసే ప్లగ్గు. అది బండి పైనే, ఆయుధానికి దూరంగా, సులువుగా అందాలి. పది స్క్రూలు విప్పితేగాని అందని స్విచ్చి స్విచ్చి కాదు.

మూడోది కంటికి కనపడదు. రేడియో సంకేతం తెగిపోతే రోబోటు ఏం చేయాలి? తనంతట తాను ఆగిపోవాలి. చవక రిసీవర్లు కొన్ని చివరగా విన్న ఆజ్ఞనే పట్టుకుని కూర్చుంటాయి. చివరి ఆజ్ఞ 'తిరుగు' అయితే తిరుగుతూనే ఉంటాయి. కాబట్టి పరీక్ష చేయండి. ఆయుధం పట్టీని విప్పి పక్కన పెట్టి, చక్రాలు నేలకు తగలకుండా బండిని ఒక డబ్బామీద పెట్టి, మోటార్లు నడుస్తుండగా చేతిలోని రిమోటు కట్టేయండి. అన్నీ వెంటనే ఆగాయా, సరే. ఆగలేదా, ఆ రోబోటుకు ఆయుధం పెట్టే అర్హత ఇంకా రాలేదు.

అయ్యవార్లకూ అమ్మానాన్నలకూ ఒక మాట

ఇదంతా చదివి, "అయితే మా బడిలో ఈ ఆటే వద్దు" అని ఉపాధ్యాయులు అనకుండా ఉంటే బాగుండును. వద్దంటే కుర్రవాళ్ళు మానరు. డాబామీద, సైకిలు షెడ్డు వెనక చేస్తారు. అక్కడ గోడలూ ఉండవు, మేకూ ఉండదు, ఎలా ఆగుతుందని అడిగేవారూ ఉండరు. ఆనాడు ఆ బల్ల దగ్గర నిలబడి అడిగిన నేను కూడా, మేకు పెట్టేదాకా కదలకుండా ఉండాల్సింది. పక్క బల్లకు వెళ్ళిపోవడం నా తప్పు.

కాబట్టి ఒక పద్ధతి పెట్టుకుందాం. మొదటి ఏడు వాలు పలక. రెండో ఏడు ఎత్తే చెయ్యి. తిరిగే ఆయుధం కావాలన్న పిల్లలందరూ కలిసి ముందు బరి కట్టాలి. గోడలకు పాలీకార్బొనేట్ రేకు వాడాలి. చూడటానికి అలాగే ఉండే ఆక్రిలిక్ దెబ్బకు పగిలి పెంకులవుతుంది, గాజు సంగతి చెప్పనే అక్కరలేదు. పైన కప్పు ఉండాలి. తలుపు వేశాక తప్ప ఏ ఆయుధమూ తిరగకూడదు. కళ్ళద్దాలు అందరికీ ఉండాలి. మొదట ఆయుధంతో సహా అన్నీ ప్లాస్టిక్‌తోనే చేయండి. అలాంటి తరగతి అమెరికా పోటీల్లో కూడా ఉంది.

ప్రదర్శనకు వచ్చే న్యాయనిర్ణేతలు ఎంత వేగంగా తిరుగుతుందో తరవాత అడగవచ్చు. "ఆపి చూపించు" అన్నది మొదటి ప్రశ్న కావాలి. దానికి నూటికి యాభై మార్కులు పెట్టినా ఎక్కువ కాదు.

మన భారత కథలో ఈ సంగతి ఎప్పుడో ఉంది. యుద్ధం ముగిశాక అశ్వత్థామా అర్జునుడూ ఒకరిమీద ఒకరు ఒకే మహాస్త్రాన్ని వేసుకున్నారు. లోకం మండిపోతుందని ఋషులు అడ్డుపడి ఉపసంహరించమన్నారు. అర్జునుడు వెనక్కి తీసుకోగలిగాడు. అశ్వత్థామకు చేతకాలేదు. వేయడం ఇద్దరికీ వచ్చు. వెనక్కి తీసుకోవడం ఒక్కడికే వచ్చు. వారిద్దరిలో ఎవరు గొప్ప విలుకాడో ఎవరూ మనకు చెప్పనక్కరలేకపోయింది.

ఆ తొమ్మిదో తరగతి కుర్రవాడు ఇప్పుడు పదో తరగతికి వచ్చి ఉంటాడు. ఈ పత్రిక వాడి చేతికి అందుతుందో లేదో తెలియదు. అందితే వాడికి ఒక మాట: బాబూ, చెల్లెలి చేతిని వెనక్కి లాగిన నీ చెయ్యి చాలా చురుకైనది. కాని ప్రతిసారీ నువ్వు పక్కన ఉండవు. ఆ పని చేయడం నీ యంత్రానికి నేర్పు.